బావ మెచ్చిన జరిమానా

మా బావని ఆఫీసులో అందరూ ‘రాయితీ’ అంటారు. పన్ను తగ్గుతుందంటే ఏ గడ్డైనా కరుస్తాడు. మా నాన్న ఆపరేషన్ గదిలో ఉంటే, ఈయన బయట నిలబడి బిల్లు తన పేరు మీద రాయమని గుమాస్తాతో పేచీ పెట్టుకున్నాడు. డబ్బు కట్టింది నేను. ఆ రోజు నుంచి ఆయన మొహం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క బట్టలు కుడుతుంది. ఆమె సంపాదన బావ జీతాన్ని ఎప్పుడో దాటేసింది. ముందుగదికి వీధివైపు తలుపు పెట్టించి అక్కడ కొట్టు తెరవాలని ఆమె కోరిక. అడిగినప్పుడల్లా బావది ఒకటే పాట: “ఇల్లు నా పేరు మీదుంది. కొట్లూ గిట్లూ కుదరవు.” మిషను వంటగదిలోనే పడి ఉండేది. బట్టలకు నూనె మరకలంటితే మాటలు పడాల్సింది ఆమే.

చివరికి అక్క, తన పొదుపుతో ఇంటి అప్పంతా తీర్చేస్తానంది. అలాగైనా కొట్టుకు ఒప్పుకుంటాడేమోనని ఆశ. గడువుకు ముందే తీరిస్తే జరిమానా పడుతుందని బ్యాంకువాళ్లు చెప్పగానే ఈయన గుండెలు బాదుకున్నాడు. కట్టేది తనే అయినట్టు! నన్ను వెంటబెట్టుకుని ఆడిటరు దగ్గరికి పరిగెత్తాడు.

“ఆ జరిమానా వడ్డీ కిందే లెక్కండీ. పన్నులో తగ్గించుకోవచ్చు,” అన్నాడు ఆడిటరు.

బావ మొహం చాటంత అయింది. “అయితే నాకు రాసెయ్యండి!”

“మీ వడ్డీ మినహాయింపు పరిమితి ఈ ఏడాదికి నిండిపోయింది. పైగా కట్టేది మీ ఆవిడ. ఆవిడైతే చూపించుకోవచ్చు. కాకపోతే ఇంట్లోనూ అప్పులోనూ ఆవిడ పేరుండాలి.”

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. బావకి నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా సగం ఇల్లు అక్క పేరున రాయించాడు, అప్పు కాగితాల్లోనూ చేర్పించాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు, మిగిలే పన్నుకు మూడింతలు. ఆ మాటంటే, “నీకు తెలీదు, ఊరుకోవోయ్!” అన్నాడు. హాయిగా ఊరుకున్నాను. అంత తెలివితక్కువతనానికి అడ్డుపడే ఓపిక నాకు లేదు.

అక్క అప్పు తీర్చింది, జరిమానా కట్టింది. మర్నాడే మేస్త్రీని పిలిచి ముందుగది గోడ పగలగొట్టించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి బావ మొహం నిండా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు.

“ఎవర్నడిగి కొట్టిస్తున్నావే?”

“ఓనర్ని అడిగే,” అంది అక్క, మేస్త్రీకి కొలత చూపిస్తూ. “మీకు దుమ్ము పడకపోతే మీ సగంలోకెళ్లి గీసుకోండి గడ్డం.”