నాలుగు పరుపుల మీది అతిథి

ఆదోనిలో మా నాయన అంగడిలో కొత్త పరుపు కుడుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. ఎండ తగిలిన దూది, నూలుదారం, కొంచెం దుమ్ము. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు దాన్ని వాసన కింద లెక్కేయరు, తుమ్ము కింద లెక్కేస్తారు. నిన్న మధ్యాహ్నం అది ముక్కుకు తగలగానే నాకు సమర్‌ఖండ్ గుర్తొచ్చింది. కాబట్టి మీకిప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. అందులో ఎడారులు, పురాతన నగరాలు, పరాయి దేశంలో ఒంటరి యువకుడి గుండెకోత, చివర ఒక ఘనవిజయం ఉంటాయి. నిజం చెప్పాలంటే ఎడారిని విమానంలో నిద్రపోతూ దాటాను. గుండెకోతలో సగం అజీర్తి. విజయం మాత్రం ఉంది: భోజనాల దగ్గర నేను కూర్చునే చోటు మారింది.

వైద్యం చదవడానికి వెళ్ళాను. హాస్టల్లో ఖాళీ లేకపోతే, దొరికేదాకా ఉండమని గుల్నోరా ఓపా ఇంట్లో ఒక గది చూపించారు. ఓపా అంటే అక్కడి ఉజ్బెక్ భాషలో అక్క. యాభై దాటిన మనిషి, వెడల్పాటి చేతులు, తలకు పూల రుమాలు. ఆమె భర్త రుస్తం బస్సు నడిపేవాడు. ఇంట్లో మాట నడిపే పని పూర్తిగా ఆమెకే వదిలేశాడు. నాకు తెలిసిన ఉర్దూ మాటలు కొన్ని వాళ్ళ భాషలోనూ ఉన్నాయి. మిగతావి ఫోను అనువదించేది. వాళ్ళింట్లో నేల మీద సన్నటి దూది పరుపులు పరిచి, మధ్యలో దస్తర్‌ఖాన్ అనే భోజనాల గుడ్డ వేసుకొని తింటారు. తలుపుకు దూరంగా గోడ వారన ఉన్న చోటు అతిథిది. తలుపు పక్కది ఇంటివాళ్ళది. లేచి రొట్టె తేవాలి, చాయ్ తేవాలి కదా. మొదటి రోజు నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టారు. కూర్చోగానే తప్పు చేశాను.

పరుపులు కుట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒక జబ్బుంటుంది. ఎక్కడ కూర్చున్నా చెయ్యి దానంతటదే కిందికి పోయి, దూది ఎలా ఉందో రెండు వేళ్ళతో నొక్కి చూస్తుంది. మా నాయన పెళ్ళిచూపులకు వెళ్ళి అమ్మకంటే ముందు పరుపునే చూశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నేనూ నొక్కాను. ఓపా చూసింది. గట్టిగా ఉందనుకొని, నన్ను లేపి మరో పరుపు వేసింది. మర్నాడు నా వేళ్ళు దాన్నీ నొక్కాయి. ఇంకొకటి వచ్చింది. వారం తిరిగేసరికి నాలుగు పరుపుల మీద, ఊరేగింపు ఎప్పుడు బయల్దేరుతుందా అని చూసే పెళ్ళికొడుకులా కూర్చున్నాను. రొట్టె అందుకోవాలంటే నడుం వంచాలి.

గౌరవం మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత్తర్వాత గుచ్చుకుంటుంది. నా కప్పు నన్ను కడగనిచ్చేవాళ్ళు కాదు. తిన్నాక వాళ్ళిద్దరూ వంటింట్లో నవ్వుకుంటూ గిన్నెలు తోముతుంటే, నేను ఎత్తున కూర్చొని గోడను చూసేవాణ్ణి. ఒకరోజు అమ్మ ఫోన్లో పట్టేసింది.

"తింటాండావా దస్తూ?"

"అదే పని మా."

"మరి మొగం యాల అట్ల పెట్టినావు?"

"ఈడ నన్ను సుట్టం మాదిరి సూస్తాండారు."

"దానికి ఏడుస్తారా ఎవురన్నా? మీ నాయన నన్ను ఒక్క దినమన్నా అట్ల సూసింటే!"

"ఎన్ని దినాలని సుట్టంగా ఉండేది మా?"

ఏ మాటనైనా జోకు చేసే నోరు నాది. ఆ మాట మాత్రం జోకు కాలేదు. ముందు ఇంకా ఏళ్ళ చదువుంది. వచ్చే వారం హాస్టల్లో ఒక మంచం ఖాళీ అవుతుందన్నారు. పెట్టె సర్దేశాను.

మంచం ఖాళీ అయ్యేలోపు మా నాయన వీడియో కాల్ చేశాడు. ఓపా పక్కనే ఉంది.

"రేయ్, ఏందిరా అది, లారీ మీద లోడు మాదిరి కూసున్నావు? ఫోను కిందికి తిప్పు. ఆ, నొక్కు. సూసినావా, పైకి లేయదు. దూది గడ్డ కట్టింది. ఎండలో ఏసి ఏకల్ల. ఆయమ్మకు సెప్పు."

"నాయనా, ఇంటికొచ్చిన సుట్టం మీ పరుపు బాగలేదంటాడా?"

"సుట్టం అనడు. పరుపోళ్ళ పిల్లోడు అంటాడు."

ఏమంటున్నారని ఓపా అడిగింది. "సలాం చెబుతున్నాడు" అన్నాను. తెర మీద మా నాయన మాత్రం సలాం వదిలేసి, రెండు చేతులతో గాల్లో దూది ఏకి చూపిస్తున్నాడు. ఓపా ఆయన్ను చూసింది. పరుపు మీద ఇంకా నొక్కి ఉన్న నా వేళ్ళను చూసింది. నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. "అందుకా నొక్కావు? నా ఇంట్లో నీకు సుఖం లేదేమోనని నేను నిద్రపోవడం మానేశాను!" అంది. ఆమె గొడవ ఆమెకుందని నాకప్పుడు తెలిసింది.

నాలుగు పరుపులనూ వాకిట్లోకి లాగి, కుట్లు విప్పి, నా చేతికి రెండు సన్నటి మల్బరీ బెత్తాలిచ్చింది. అక్కడ దూదిని వాటితో కొట్టి విప్పుతారు. అటు ఆమె, ఇటు నేను. కొద్దిసేపటికి ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది. "ఇంత మెల్లగానా కొట్టేది? తిన్నదంతా ఎక్కడికి పోయింది?" అని కసురుకుంది. ఆ దేశం వెళ్ళాక నన్నొకరు కసురుకోవడం అదే మొదటిసారి. కడుపు నిండింది.

ఆ సాయంత్రం అలవాటుగా గోడ వైపు నడుస్తుంటే ఓపా చెయ్యి అడ్డం పెట్టి తలుపు పక్క చోటు చూపించింది. "కూర్చోకు, ముందు చాయ్ తీసుకురా" అంది. రుస్తం ఖాళీ కప్పు నా వైపు జరిపాడు. హాస్టల్ మంచం నాకొద్దని చెప్పేశాను. కారణం అడిగితే, అక్కడ స్పాంజి పరుపులున్నాయన్నాను. చదువు అయ్యేదాకా తలుపు పక్కనే తిన్నాను.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. రోగి మంచం పక్కన ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయి నిలబడ్డ కొడుకునో, తమ్ముణ్ణో చూస్తే, "నిలబడి ఏం చేస్తావన్నా, ఆ దిండు సరిచెయ్యి" అంటాను. బిగుసుకున్న ఆ భుజాలు దిగుతాయి. ఇది నాకు పాఠాల్లో ఎవరూ చెప్పలేదు, వాకిట్లో దూది కొడుతుంటే అబ్బింది. ఆదోనికి బస్సు దిగి ఇంటికొస్తే, అమ్మ హాలు మధ్యలో కుర్చీ వేసి తువ్వాలు పరుస్తుంది. నేను పోయి తలుపు దగ్గర కింద కూర్చుంటాను. "డాక్టరు గడపకాడ కూసుంటే నలుగురూ నవ్వుతారప్పా, ఇట్ల రా" అంటుంది. నవ్వనీ అంటాను.

కాకపోతే మా వీధిలో నీళ్ళు రోజూ రావు. వచ్చినప్పుడు తలుపుకు దగ్గరగా ఉన్నవాడే బిందె తీసుకొని లేవాలి.