దశరథం రాసిన చీటీ

నార్కట్‌పల్లి దాటి నల్లగొండ రోడ్డెక్కగానే ఎడమ చేతి పక్కన దశరథం హోటల్ కనిపిస్తుంది. హోటల్ అన్నామని పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, గోడకు ఒక టీవీ, పొయ్యి దగ్గర అతని భార్య గోపమ్మ. అక్కడి చాయ్‌ని పొగిడిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. అయినా పొద్దున ఆరింటికల్లా బెంచీలు నిండాయంటే అది చాయ్ గొప్ప కాదు, దశరథం కలం గొప్ప.

పదో తరగతి పాసై, ఆ తర్వాత ఇంకేదీ పాసు కాక హోటల్ పెట్టుకున్న దశరథం, చుట్టుపక్కల నాలుగూళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు. పింఛనుకు, బోరుకు, కరెంటు స్తంభానికి, దేనికైనా సరే. పైసా తీసుకునేవాడు కాదు. కానీ చెప్పింది చెప్పినట్టు రాయడం మాత్రం అతని చేతికి రాదు. మోకాళ్లు నొస్తున్నాయని నర్సింగమ్మ చెబితే, మూడేళ్లుగా మంచం దిగలేదని రాశాడు. ఆ అర్జీ పట్టుకుని నర్సింగమ్మే మండలాఫీసుకు నడిచి పోయింది. "మంచం ఏడ బెట్టొచ్చినవ్ అవ్వా?" అని అక్కడి గుమాస్తా అడిగాడట. ఊరంతా నవ్వింది. దశరథం మాత్రం నొచ్చుకున్నాడు. "మీకేం గావాల్నో మీకన్న నాకే ఎరుక," అనేవాడు. పైపైకి అన్న మాట కాదది, నిజంగానే నమ్మాడు. అతని బతుకులో తప్పు మొలిచింది కూడా అక్కడే.

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు టీవీలో దక్కన్ కబడ్డీ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు, వేలంలో కొన్న ఆటగాళ్లు, కళ్లు జిగేలుమనే లైట్లు. నల్లగొండకు ఒక జట్టు, పాలమూరుకు ఒక జట్టు. మొదటి ఏడు లీగ్ ముగిసిన మర్నాడు హోటల్లో పెద్ద లొల్లి. గెలిచిన జట్టు పేరు తాము ముందే చెప్పామని పదిమంది, చెప్పలేదని పదిమంది. అయిపోయిన పెళ్లికి మేళమెందుకని దశరథం మరుసటి ఏటి నుంచి ఒక పద్ధతి పెట్టాడు. లీగ్ మొదలయ్యే ముందు రోజు ఒక్కొక్కరు పొయ్యి వెనకకు వచ్చి, ఈసారి గెలిచేదెవరో అతని చెవిలో చెప్పాలి. అతను చీటీ రాస్తాడు. చెప్పినవాళ్లు సంతకమో వేలిముద్రో వేస్తారు. చీటీలన్నీ బిస్కెట్ల సీసాలో వేసి మూతకు లక్క పూస్తారు. ఫైనల్ మర్నాడు పదిమంది ముందు విప్పుతారు. సరిగ్గా చెప్పినవాడికి ఏడాది పొడుగునా పొద్దుటి తొలి చాయ్, టీవీ ఎదుటి బెంచీ మీద మొదటి జాగా. బహుమానం అంతే. కానీ ఆ జాగా కోసం వాళ్లు పడ్డ తండ్లాట సర్పంచ్ కుర్చీకి కూడా ఎవరూ పడి ఉండరు.

ఆ చీటీలు వేసేవాళ్లలో మారయ్య ఒకడు. గొర్ల కాపరి, దశరథం కన్నా పదేళ్లు పెద్ద. ఎండలు ముదిరితే మంద తోలుకుని డిండి దాటి పాలమూరు దిక్కు పోతాడు, వానలు పడ్డాక తిరిగొస్తాడు. అక్షరం రాదు, మాట మాత్రం గట్టిది. వయసు అడిగితే, ఈ పొట్టేలు రెండు పండ్లదని మారయ్య అన్నాడంటే, కొనేవాడు పళ్లు లెక్కపెట్టడానికి దాని నోరు తెరిచి చూడడు.

లీగ్ మూడో ఏడు, చీటీల రోజున మారయ్య పొయ్యి వెనకకు వచ్చాడు.

"రాయి తమ్మీ, పాలమూరు."

"ఏం పాలమూరన్నా? రెండేండ్ల సంది అందరికన్న అడుగున ఉన్నరు గద!"

"నేను కండ్లార జూసొచ్చిన. ఆ జట్టు పోరగాండ్లు పొద్దుగాల్నే వాగుల ఆడుతుండిరి. ఇసుకల కాలు దిగవడుతున్నా కూత ఆపకుంట ఉరుకుతుండిరి. గట్టి నేల మీద వాళ్లను ఎవడు వట్టుకుంటడు?"

దశరథానికి నవ్వొచ్చింది. గొర్ల వెంట తిరిగే మనిషి కబడ్డీ జోస్యం చెప్పడమా! ఆ వెంటనే జాలి కూడా వేసింది. రేపు పదిమందిలో ఈ చీటీ చదివితే ముసలాయన్ను ఆడిపోసుకుంటారు. అందరూ నల్లగొండే అంటున్నారు, ఈయనా నలుగురితో నారాయణ అంటే పోయేదేముంది? కలం కాగితం మీద పెట్టి 'నల్లగొండ' అని రాశాడు. మంచికే రాశాననుకున్నాడు. ఆ మంచిలో చులకన కూడా కలిసి ఉందని అప్పటికి అతనికి తోచలేదు.

మారయ్య చీటీని చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"ఏం రాసినవ్?"

"నువ్వు జెప్పిందే."

మారయ్య దశరథం ముఖం ఒకసారి చూసి, సిరా ప్యాడ్ మీద బొటనవేలు అద్ది చీటీ మీద వేసి వెళ్లిపోయాడు.

పక్కనే చాయ్ వడపోస్తున్న గోపమ్మ అంతా చూసింది. "గట్లెందుకు రాసినవ్?" అంది.

"నవ్వులపాలు గావద్దని."

"అయితే ఆయన అయితడు. నడుమ నీకేమొచ్చె?"

దశరథం చీటీ మడిచి సీసాలో వేశాడు.

తొలి ఆటలో పాలమూరు గెలిచింది. గుడ్డి దెబ్బ అన్నారు. రెండోదీ గెలిచింది, మూడోదీ గెలిచింది. హోటల్లో జనం నల్లగొండ ఓడినప్పుడల్లా తలలు పట్టుకునేవాళ్లు. దశరథం ఒక్కడే పాలమూరు గెలిచినప్పుడల్లా చెమటలు తుడుచుకునేవాడు. వెనక బెంచీ మీద కూర్చున్న మారయ్య పెద్దగా మాట్లాడేవాడు కాదు. పాలమూరు కుర్రాడు అవతలి గీత దాటి ఇద్దరిని ముట్టి వస్తే మాత్రం దశరథం వైపు చూసి చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వుకు దశరథం చూపు తిప్పుకుని పొయ్యిలో కట్టె ఎగదోసేవాడు. ఒకరోజు సీసా చేతిలోకి తీసుకున్నాడు. జారవిడిచి, పగిలిందని చెబితే సరిపోతుంది. గోపమ్మ చూస్తూ నిలబడింది. సీసా మళ్లీ అలమరలో పెట్టాడు. మంచి చేయడానికే కాదు, దొంగపని చేయడానికి కూడా గుండె కావాలి. దశరథానికి రెండూ చాలలేదు.

ఫైనల్లో పాలమూరు ఖమ్మాన్ని మూడు పాయింట్లతో కొట్టింది.

మర్నాడు పొద్దున సీసా మూత తీసినవాడు ఎల్లేష్. పక్కనే పంక్చర్ల దుకాణం అతనిది. నోరు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు. చీటీలు ఒక్కొక్కటిగా అందిస్తుంటే దశరథం చదివాడు. నల్లగొండ, నల్లగొండ, ఖమ్మం, నల్లగొండ. చివరికి బొటనవేలి ముద్ర ఉన్న చీటీ వచ్చింది.

"మారయ్య. నల్లగొండ."

"నేను పాలమూరన్న," అన్నాడు మారయ్య వెనక బెంచీ నుంచి.

హోటల్ గొల్లుమంది. "అన్నీ అయినంక అందరం అంటం మారన్నా!" అని ఎల్లేష్ చీటీ ఎత్తి చూపించాడు. "ఇగో, నీ వేలే గద! గిందుకే గద సీసా పెట్టింది!"

మారయ్య వాళ్లెవరి వంకా చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"తమ్మీ, నువ్వు జెప్పు."

ఇరవై జతల కళ్లు దశరథం మీద పడ్డాయి. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చీటీ మార్చాడని తెలిస్తే, ఇన్నేళ్లు రాసిన అర్జీల మాటేమిటి? రేపటి నుంచి ఈ బెంచీల మీద ఎవరు కూర్చుంటారు? దశరథం రాస్తే తిరుగులేదన్న మాట ఒక్కటే కదా అతనికున్న ఆస్తి.

"నువ్వు జెప్పిందే రాసిన అన్నా. మర్సిపోయినట్టున్నవ్."

మొదటి మాట భయంతో అన్నాడు. రెండో మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. మారయ్య సగం తాగిన గ్లాసు బెంచీ మీద పెట్టి, గొంగడి భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. ఆ తర్వాత హోటల్ గడప తొక్కలేదు.

రెండు వారాలకు ఎల్లేష్ ఒక ముచ్చట మోసుకొచ్చాడు. అంగట్లో మారయ్య పొట్టేలును అమ్మకానికి పెడితే, కొనే మనిషి దాని నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టాడట. "వేలేసినంక మాట మార్చినోనివంట గద, నీ మాటెట్ల నమ్మాలె?" అన్నాడట. ఎల్లేష్ దాన్ని నవ్వుతాలుగా చెప్పాడు, నలుగురూ నవ్వారు. దశరథం చేతిలో చాయ్ వడపోసే జాలీ పక్కకు ఒరిగి వేడి చాయ్ వేళ్ల మీద పడింది. ఊదుకోలేదు. కాలితే కాలనీ అనుకున్నాడు.

అన్నం ముందు కూర్చుంటే గోపమ్మ అంది: "రాసింది నువ్వు. మాట పడుతున్నది మారన్న. నీకు బువ్వ ఎట్ల దిగుతాంది?"

దిగలేదు. చేయి కడుక్కుని లేచి, గుట్ట కింద మేస్తున్న మంద దగ్గరికి నడిచి పోయాడు.

మారయ్య ఒక గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. దశరథం నిలబడే చెప్పాడు. పాలమూరు అంటే నల్లగొండ అని తానే రాశానని, నవ్వులపాలు కావద్దనే రాశానని, తర్వాత నోరు రాలేదని.

"ఎరుకే," అన్నాడు మారయ్య.

"ఏమెరుక?"

"వేలేసేటప్పుడే ఎరుక. నలభై ఏండ్ల సంది గీ రోడ్డు మీదికెల్లి జీవాలను దాటిస్తున్న. ఏ బస్సు యాడికి పోతదో బోర్డు జూస్తె జెప్త. నల్లగొండ బోర్డు నాకెరుక లేదా?"

దశరథం అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు.

"మరి వేలెందుకేసినవ్ అన్నా?"

"ఆడ అందరున్నరు. నువ్వు తప్పు రాసినవంటే నీ కలం ఇజ్జత్ ఏమైతది? సీసా ఇప్పిననాడు నువ్వే జెప్తవ్, అందరం నవ్వుకుంటం అనుకున్న." ముల్లు బయటికి వచ్చింది. మారయ్య దాన్ని దూరంగా విసిరి గొర్రెను వదిలేశాడు. "నీ ఇజ్జత్ నేను గాసిన. నా ఇజ్జత్ నువ్వు దీస్తవనుకోలె."

"ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?"

"అర్జీలు రాసేటోనివి. నన్నడుగుతవా?"

చేయాల్సింది ఏమిటో దశరథానికి తెలుసు. తెలిసి కూడా చేయలేదు. రేపు చెబుతా, ఆదివారం అందరూ ఉన్నప్పుడు చెబుతా అనుకుంటూనే దసరా పోయింది, చలికాలం పోయింది, మారయ్య మంద తోలుకుని డిండి దిక్కు పోయాడు. ఎవరైనా అర్జీ రాయమంటే చెప్పిన మాట చెప్పినట్టు రాసి, రెండుసార్లు చదివి వినిపించేవాడు. చాదస్తం పట్టుకుందని జనం విసుక్కున్నారు. అంత జాగ్రత్తా సిగ్గుతోనే. ఆ సిగ్గు అలాగే ఉండిపోయింది.

వానలు పడి మారయ్య మందతో తిరిగొచ్చేసరికి మళ్లీ లీగ్ ముంగిట్లోకి వచ్చింది. చీటీల రోజున బెంచీలు నిండాయి. ఎల్లేష్ ఖాళీ సీసా కడిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దశరథం కలం తీసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"పోయినేడు మారన్న పాలమూరే అన్నడు. నేనే నల్లగొండ అని రాసిన. అందరి ముందు అబద్ధం కూడ నేనే ఆడిన."

అందరికన్నా ముందు ఎల్లేష్ తేరుకున్నాడు.

"మరి మా నాయిన పింఛన్ అర్జీల ఏం రాసినవ్?"

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ లేచి తమ చీటీ తామే రాసుకున్నారు, రాయడం రానివాళ్లు పక్కవాడితో రాయించుకున్నారు. దశరథం పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బరువు దిగుతుందనుకున్నాడు, దిగలేదు. ఎల్లేష్ మాత్రం బండి తీసుకుని ఎటో పోయి, అరగంటలో మారయ్యను వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు.

టీవీ ఎదుటి బెంచీ మీద అందరూ జరిగి మొదటి జాగా ఇచ్చారు. గోపమ్మ తొలి చాయ్ తెచ్చి చేతికిచ్చింది. మారయ్య నెమ్మదిగా తాగాడు. ఈసారి గ్లాసు ఖాళీ చేశాడు.

"జెప్పు మారన్నా, నేను రాస్త," అన్నాడు ఎల్లేష్ తల వంచుకుని.

"వద్దు. దశరథమే రాయాలె."

దశరథం కలం అందుకున్నాడు.

"నల్లగొండ," అన్నాడు మారయ్య.

దశరథం తలెత్తి చూశాడు. మారయ్య ముఖంలో వేళాకోళం లేదు, కోపం కూడా లేదు. నల్లగొండ అని రాసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, చీటీ ముందుకు జరిపాడు.

మారయ్య చీటీ తీసుకున్నాడు. ఆ బోర్డు తనకెరుకేనని గుట్ట కింద చెప్పిన మనిషి, చీటీ వంక చూడనైనా చూడకుండా పక్కకు చాపాడు.

"ఎల్లేష్, ఏం రాసిండో జర సదువు."

ఎల్లేష్ గట్టిగా చదివాడు. అప్పుడు మారయ్య సిరాలో బొటనవేలు అద్దాడు. దశరథం ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాడు, తల ఎత్తలేకపోయాడు. ఆ తర్వాత ఎన్నో లీగులు వచ్చి పోయాయి. మారయ్య ఏటా వస్తాడు, ఏటా దశరథంతోనే రాయిస్తాడు, ఏటా ఇంకొకరితో చదివించుకున్నాకే వేలేస్తాడు.