యాదన్న పేరు మీద మూడో లోన్

నిన్న పొద్దున ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కబోతుంటే పక్కింటి యాదన్న భార్య లక్ష్మక్క ఫోన్.

"కల్యాణీ, మీ అన్న లేస్తలేడమ్మా..."

నాకు అర్థం కాలేదు. మొన్న సాయంత్రమే మా గేటు దగ్గర నిలబడి, అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్లిన మనిషి.

ఆటో పట్టుకుని వెనక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండెపోటు. దవాఖానకు చేరకముందే పోయాడన్నారు.

యాదగిరి. మా మన్సూరాబాద్ కాలనీ మొత్తానికి యాదన్న. స్కూల్ వ్యాన్ నడిపేవాడు. నల్గొండ పక్క పల్లె. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ దిగిన రోజు, ఎవరూ పిలవకుండానే వచ్చి మా బీరువాకు భుజం పట్టాడు. అప్పటి నుంచీ నేను ఆయనకు "చెల్లె"నే.

ఒకసారి వానకు మా రోడ్డంతా మునిగింది. వ్యాన్ ఆగిపోయింది. నడుము లోతు నీళ్లలో పిల్లల్ని ఒక్కొక్కరిగా భుజాన ఎక్కించుకుని ఇళ్లకు చేర్చాడు. మా అక్క కూతురు భయపడి ఏడుస్తుంటే, "ఏడ్వకు బిడ్డా, ఇయ్యాల నీకు ఏనుగు సవారి" అన్నాడట. అది ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అలాంటి మనిషిని అప్పు ఎగ్గొట్టినవాడిని చేశారు.

ఇవాళ మంచి మాటలే రాయాలని తెలుసు. నా వల్ల కావట్లేదు.

పోయినేడాది సొంతంగా ఒక వ్యాన్ కొందామని బ్యాంకుకు వెళ్లాడు. వాళ్లు క్రెడిట్ రిపోర్ట్ తీసి, "మీ పేరు మీద రెండు లోన్లున్నాయి, ఒక్క కిస్తీ కూడా కట్టలేదు" అన్నారు. ఆయన పేరు కూడా వినని కంపెనీలు. ఆయన పాన్ కార్డు, ఆధార్ పెట్టి ఎవడో ఫోన్‌లోనే అప్లై చేసి డబ్బు తీసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సిమ్ కోసం ఇచ్చిన జిరాక్స్‌ల నుంచే వివరాలు పోయాయని యాదన్న అనుమానం.

పోలీస్ కంప్లయింట్ ఇచ్చాడు. క్రెడిట్ రిపోర్ట్ తయారుచేసే కంపెనీకి నేనే కూర్చుని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. తర్వాత వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాం.

యాదన్న అడిగింది ఒకటే.

"అయినయేవో అయినయ్ సార్. ఇగ నా పేరు మీద ఎవలకు కొత్త లోన్ ఇయ్యకుండ బంద్ పెట్టుండ్రి. నేను చెప్తేనే నా రిపోర్ట్ తెరువుండ్రి."

"అలాంటి ఆప్షన్ లేదు సార్."

"గట్లెట్ల సార్? ఇంట్ల దొంగ వడ్డడని చెప్తే, తలుపుకు తాళమే లేదంటరా?"

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

కొన్ని దేశాల్లో ఈ తాళం ఉంది. సెక్యూరిటీ ఫ్రీజ్ అంటారు. మోసపోయిన మనిషి అడిగితే రిపోర్ట్ మూసేస్తారు. కొత్తగా అప్పు ఇచ్చేవాడికి అది కనబడదు కాబట్టి దొంగకు అప్పు పుట్టదు. అంతే. చంద్రుడి మీదికి పోవడమంత కష్టమైన పనా ఇది?

మా ఫిర్యాదు ఇంకా నడుస్తుండగానే మూడో లోన్ పడింది.

మూడోది! పోలీసులకు చెప్పాక! కంపెనీకి చెప్పాక! మొత్తుకున్నాక!

రికవరీ ఏజెంట్లు నేరుగా స్కూల్ గేటు దగ్గరికే వచ్చారు. లోన్ తీసుకున్నవాడి సెల్ఫీ వాళ్ల ఫోన్‌లోనే ఉంది. యాదన్న టోపీ తీసి, అందరి ముందూ బట్టతల చూపించాడు.

"గీయనకు నెత్తి నిండ ఎంటికలున్నయ్. నాకున్నయా? జర సూడుండ్రి."

పేరెంట్స్ పగలబడి నవ్వారు. ఏజెంట్ మాత్రం నవ్వలేదు. "ఫోటోతో మాకేం పని? పేరు నీదే కదా" అన్నాడు.

నెల తిరక్కుండా స్కూల్ వాళ్లు ఆయనను వ్యాన్ పని మాన్పించారు. గొడవలు మాకొద్దన్నారు. నీళ్లలో ఎవరి పిల్లల్ని మోశాడో ఒక్కరికీ గుర్తు రాలేదా?

ఆ తర్వాత పెద్ద అంబర్‌పేట్‌లో ఎవరిదో లారీ నడిపాడు. మొదటి రెండు లోన్లూ ఆయనవి కావని చివరికి ఒప్పుకుని రిపోర్ట్‌లోంచి తీసేశారు. ఆ రోజు మా ఇంటికి జిలేబీ తెచ్చాడు. మూడోది మాత్రం "పరిశీలనలో ఉంది". ఇవాళ్టికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

ఆ లోన్లే చంపాయని నేను అనను. డాక్టర్ షుగర్ అన్నాడు, బీపీ అన్నాడు. కానీ ఫోన్ మోగితే ఉలిక్కిపడే మనిషిగా యాదన్నను ఎవరు మార్చారో నాకు తెలుసు.

ఇవాళ పొద్దున వాళ్లింట్లో కూర్చుని ఉండగా ఆయన ఫోన్ మోగింది. లక్ష్మక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"యాదగిరి ఉన్నాడా?" రికవరీ వాడు.

"నిన్న చనిపోయారు" అన్నాను.

"అయితే డెత్ సర్టిఫికెట్ వాట్సాప్ చేయండి మేడమ్."

ఆ మాట పక్కకు కూడా వినబడింది. లక్ష్మక్క ఫోన్ లాక్కుంది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"నా మొగుడు ఎవ్వలకు రూపాయి బాకీ లేడు. ఇంకోపారి ఆయన పేరు తియ్యకు" అంది. అని ఫోన్ పెట్టేసి, అప్పుడు ఏడ్చింది. నిన్నటి నుంచి అదే మొదటిసారి.

లక్ష్మక్కకు మాటిచ్చాను. మూడో లోన్ కూడా ఆయన పేరు మీద నుంచి తీయించేదాకా ఆ క్రెడిట్ రిపోర్ట్ కంపెనీ గడప వదలను.

అన్నా, వెళ్లిరా. ఇక ఏ ఫోనూ ఎత్తక్కర్లేదు. నిమ్మళంగా పడుకో.