ముగ్గుపిండితో గీసిన సగటు

పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తుంటే వేళ్ల సందుల్లోంచి పిండి చల్లగా జారుతుంది. ఇన్నేళ్లయినా ఆ చల్లదనానికి నాకు గుర్తొచ్చేది పండగ కాదు, సుగుణ టీచర్. గిద్దలూరులో పదో తరగతి చదివేటప్పుడు మాకు లెక్కలు చెప్పిన మనిషి. ఆవిడే లేకపోతే ఈ రోజు నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతూ ఉండేదాన్ని కాదు. ఈ మాట ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షల్లో నాకు సోషల్‌లో డెబ్బై ఏడు, లెక్కల్లో యాభై నాలుగు వచ్చాయి. అర్ధవీడు దగ్గర సేద్యం చేసుకునే నాయన ఆ రెండు అంకెలూ చూసి, ఇంటర్‌లో లెక్కల గ్రూపు వద్దని తేల్చేశాడు. నాకేమో లెక్కలంటే ప్రాణం. ఏడ్చాను, అన్నం మానేశాను. నాయన కరగలేదు. చివరికి టీచరే ఆయన్ని బడికి పిలిపించారు.

"యాభై నాలుగు యాడ, డెబ్బై ఏడు యాడ మేడమ్? ఎక్కువొచ్చిన దాంట్లోనే చేరుస్తా" అన్నాడు నాయన వస్తూనే.

"మిగతా పిల్లోళ్లకెంత వచ్చినాయో అడిగినావా అన్నా?" అన్నారు టీచర్.

మా ఇళ్లల్లో తిట్లకు ముందు వచ్చే ప్రశ్న అది. నాకూ తిట్లే అనుకున్నాను. ఆవిడ మాత్రం ముగ్గుపిండితో బడి ఆవరణలో ఒక గీత గీశారు. అది తరగతి సగటు అన్నారు. సగటుకు అటూ ఇటూ పిల్లలు మామూలుగా ఎంత దూరం చెదిరి ఉన్నారో దాన్ని ఒక అడుగు అనుకోమని, మా తరగతి పిల్లలందర్నీ పిలిచి ఎవరి మార్కుల చోట వాళ్లను నిలబెట్టారు. సోషల్‌లో సగటు డెబ్బై రెండు, అడుగు అంటే పది మార్కులు. గీత దాటి అరడుగు వేసి గుంపులోనే ఉండిపోయాను. లెక్కల్లో సగటు ముప్పై ఎనిమిది, అడుగు ఎనిమిది మార్కులే. రెండు నిండు అడుగులు వేసి తిరిగి చూస్తే దాదాపు తరగతంతా నా వెనకే ఉంది.

నాయన ఆ పిండి గీత దగ్గరికి నడిచాడు. "అంటే నల్లరేగట్లో పది బస్తాలు తీసినోని కంటే, రాళ్లచేలో ఆరు బస్తాలు తీసినోడే మొనగాడంటారు."

"అంతే అన్నా. నీ బిడ్డ రాళ్లచేలో పండించింది."

"అట్లయితే ఆ చేలోనే దున్నుకోనీలే మేడమ్" అన్నాడు నాయన. అప్పటి ఆయన నవ్వు నాకిప్పటికీ ఇష్టం.

టీచర్ ఇప్పుడు లేరు. ఆవిడ లేని లోటు పరీక్షల కాలంలో మరీ తెలుస్తుంది. నిన్న వెలిగండ్ల నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి ఒకతి మార్కుల కాగితంతో నా గదికొచ్చింది.

"నలభై తొమ్మిదే వచ్చినాయి మేడమ్. చదువు మానుకోమంటున్నారు ఇంట్లో."

"మిగతా పిల్లలకెంత వచ్చినాయి తల్లీ?" అన్నాను.

తిడతాననుకుని తల వంచేసింది. నేను సొరుగు లాగి ముగ్గుపిండి డబ్బా బయటికి తీశాను.