ఎర్రకారం గిన్నె

మా ఆయన బొగ్గుబాయిల పని చేసేటోడు. నడుముకు దెబ్బ తగిలి, పనికి అన్‌ఫిట్ అని తీసేసినంక, గోదావరిఖని బస్టాండు పక్కపొంట నూడుల్స్, ఫ్రైడ్ రైస్ బండి పెట్టిండు. సీసాల సాసు ఆయనకు నచ్చలే. నేను ఇంట్ల ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు నూరి చేసే ఎర్రకారమే అన్నిట్ల వేసేటోడు. షిఫ్టు దిగినోళ్లు దానికోసమే వచ్చేటోళ్లు. బండి దుకాణమైంది. తర్వాత పెద్దపల్లిల ఒకటి, నస్పూర్‌ల ఒకటి, గట్ల పెరుగుకుంట పోయినయి.

అన్ని దుకాణాలకు కారం ఒక్క కాడనే, పనికి పెట్టుకున్న ఒకామె తయారుచేస్తది. పంపేముందు పొద్దుగాల ఆయన చిన్న గిన్నెల తెచ్చి నా ముంగట పెట్టి కూసునేటోడు.

"ఎట్లున్నది?"

"జర ఉప్పు తక్కువైంది" అనో, "మంచిగున్నది" అనో చెప్పేదాన్ని. దినమంతల మా ఇద్దరి నడుమ గదే ముచ్చట. ఆయన దుకాణాలకు పోయినంక ఇంట్ల నేనొక్కదాన్నే. మాకు పిల్లలు కాలే.

కరోనాల నాకు వాసన, రుచి రెండూ పోయినయి. అందరికి మళ్ల వచ్చినయి, నాకు రాలే. ఆయనకు చెప్పలే. చెప్తె ఇగ గిన్నె తేడు, నా దగ్గర కూసునే పనే ఉండదు. రోజూ "మంచిగున్నది" అనుకుంట ఏండ్లు గడిపిన.

పోయినేడు ఆయన గుండె ఆగి చనిపోయిండు. దినాలైనంక కారం తయారుచేసే ఆమె గిన్నె పట్టుకొని వచ్చింది. సార్ పెట్టిన పద్ధతి తప్పొద్దన్నది. కొన్ని నెలలు ఆమెతోని గూడ అదే అబద్ధం చెప్పిన. ఒకనాడు చాతగాలే.

"ఇగ తేకు. నాకు రుచి తెలువక శాన దినాలాయె."

ఆమె తల వంచుకున్నది. "ఎరుకే అమ్మ. సార్‌కు గూడ ఎరుకే."

"ఎట్ల?"

"ఒకపారి నేను ఉప్పు మర్సిన. నువ్వేమో మంచిగున్నదన్నవట. సార్ వచ్చి తనే నాకి చూసి ఉప్పు కలిపిండు. అమ్మతోని అనకు అన్నడు. అప్పటిసంది ముందు తనే చూసి, సరిజేసినంకనే నీ దగ్గరికి తెచ్చేటోడు."

ఆమె పోయినంక తలుపేసుకొని కూసున్న. ఎదురెదురుంగ కూసొని గూడ ఇద్దరం దాసుకున్నం. ఎందుకు దాసినవని అడుగుదామంటే మనిషి లేడు.

తెల్లారి ఆమె గిన్నె లేకుంట ఉట్టి చేతులతోని వచ్చి నా ముంగట కూసున్నది. దుకాణాల ముచ్చట అడిగిన. దుకాణాలు చూసుకునే పనోళ్లు రామగిరి దిక్కు ఇంకోటి తెరుస్తున్నరట.