తెర మూలన ఒక వాక్యం

పోయిన నెలలో మా ఊరి వారాంతపు తెలుగు బడి నడిపే అమ్మాయి ఫోన్ చేసింది. పాఠాలు చెప్పడానికి కొత్తగా పదిమంది దాకా తల్లిదండ్రులు ముందుకొచ్చారట. కంప్యూటర్ పెట్టుకుని క్లాసు చెప్పేటప్పుడు పనికొచ్చే సంగతులు ఓ పేజీ రాసిమ్మంది. "మీరు స్కూల్లో టీచర్లకే నేర్పించారు కదా ఆంటీ, ఓ పది పాయింట్లు చాలు" అంది. ఎంతపని అనుకుని, మధ్యాహ్నం కాఫీ తాగి కూర్చున్నాను. ఒకటి అని అంకె వేసి, 'ప్రొజెక్టర్ తీగ తగిలించే ముందు మెయిల్ మూసెయ్యండి' అని రాశాను. రెండో అంకె వెయ్యలేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టి, లేచి బియ్యం కడిగాను.

మిషిగన్‌లో ట్రాయ్ పక్కనున్న ఒక చిన్న ఊరి మిడిల్ స్కూల్లో నేను లెక్కలు చెప్పేదాన్ని. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. గుంటూరులో చదివిన ఎమ్మెస్సీ లెక్కల డిగ్రీని ఇక్కడ ఎవరూ ఖాతరు చెయ్యకపోతే మళ్ళీ పరీక్షలు రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, నలభయ్యో ఏట ఉద్యోగంలో చేరాను. మొదటి ఏడు నరకం. 'వి' అనాల్సిన చోటా 'డబ్ల్యూ' అనాల్సిన చోటా నా నోట ఒకే శబ్దం వచ్చేది. పన్నెండేళ్ళ పిల్లలకి అంతకన్నా వినోదం ఏముంటుంది? ఒకడు మొదలుపెడితే ముప్ఫైమందీ అందుకునేవాళ్ళు. ఒక రోజు ఆ అల్లరి నడవా దాకా వినిపించినట్టుంది. ఎదురుగదిలో సైన్సు చెప్పే ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. ఎవర్నీ ఏమీ అనలేదు. టీ కప్పూ, దిద్దాల్సిన కాగితాల కట్టా పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. ఆ వారమంతా తన ఖాళీ పీరియడ్లో వచ్చి అలాగే కూర్చుంది. అప్పటికే అరవైకి దగ్గర పడ్డ మనిషి. చాలా పొడుగు. మోచేతుల దగ్గర అరిగిపోయిన బూడిదరంగు స్వెట్టరు వేసుకునేది. దాని జేబుల్లో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి. వారం తరవాత నాతో ఒకే మాట చెప్పింది: "అరవకు. ఎవడు నవ్వుతున్నాడో వాడి పక్కకెళ్ళి నిలబడి పాఠం చెప్పు." నా ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

మధ్యాహ్నం భోజనాలు ఆవిడ గదిలోనే చేసేవాళ్ళం. ఆవిడ డబ్బా సూప్ వేడి చేసుకునేది, నేను డబ్బాలో ఏం తెస్తే అది సగం పెట్టేదాన్ని. నిమ్మకాయ పులిహోర అంటే మహా ఇష్టం. వేరుశనగ పలుకులు ఏరి చివరికి దాచుకునేది. ఆ గదిలో స్పిరిట్ దీపాల వాసనా, తడి ఊలు వాసనా కలిసి ఉండేవి. చలికాలంలో పిల్లలు మంచుకి తడిసిన చేతితొడుగులు హీటర్ మీద ఆరబెట్టుకునేవాళ్ళు. వద్దని ఎవరు చెప్పినా ఆవిడ మాత్రం చెప్పేది కాదు.

కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, ఎలా వచ్చిందో తెలీదు గానీ, మా స్కూలుకి డిజిటల్ బోర్డులు వచ్చాయి. కంప్యూటర్ తెరని ప్రొజెక్టర్ ఆ బోర్డు మీద పెద్దగా వేస్తుంది; వేలు పెడితే గీత పడుతుంది, బొమ్మని పట్టుకుని లాగితే జరుగుతుంది. మా ప్రిన్సిపాల్ కుర్రవాడు. స్టాఫ్ మీటింగులో, ఇవి టీచర్లందరికీ నేర్పే బాధ్యత నాది అని ప్రకటించాడు. నన్నడగలేదు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి కంప్యూటర్లు పుట్టుకతోనే వస్తాయని ఆయన నమ్మకం. ఇండియాలో నేను నడిపిన ఏకైక యంత్రం రుబ్బే గ్రైండరు. అయినా ఆ పుస్తకాలు ముందేసుకుని శనాదివారాలు చదివి, నేర్చుకుని, నేర్పాను. ఒకాయన మొదటి రోజే చెరగని మార్కర్‌తో ఆ బోర్డు మీద తేదీ రాశాడు. ఆ తేదీ వేసవి సెలవుల దాకా అలాగే ఉంది. మెల్లగా అందరికీ అలవాటైంది. నాకూ గొప్పగానే ఉండేది. ఒకప్పుడు నోరు తిరగక నవ్వులపాలైనదాన్ని, తీరా ఇప్పుడు నడవాలో వెళ్తుంటే నలుగురు ఆపి సందేహాలడుగుతున్నారు.

అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది ఎదురుగది ఆవిడే. చుట్టతీగ కట్టిన చిన్న నోటుబుక్కులో ప్రతి మెట్టూ రాసుకునేది. ఎడమ మీట రెండుసార్లు, ఒక్క క్షణం ఆగు, కంగారు పడకు. ఆ 'కంగారు పడకు' కూడా రాసుకుంది. అప్పటికి ఇంట్లో ఆవిడ పరిస్థితి బాగాలేదు. భర్త వెల్డింగు పనివాడు. ఫ్యాక్టరీ మూసేశాక రెండు నెలలకే ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. జనవరి నుంచి ఆస్పత్రిలోనే. ఇద్దరి ఇన్సూరెన్సూ ఇప్పుడు ఆవిడ ఉద్యోగం మీదే ఉంది, సెలవులన్నీ అయిపోయాయి. అందుకని పగలంతా ఆడపడుచుని భర్త దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ బడికి వచ్చేది. సాయంత్రం ఇక్కణ్ణుంచి నేరుగా అక్కడికి.

క్లాసులో టీచర్లు సెల్‌ఫోన్ పెట్టుకోకూడదని మా స్కూలు నియమం. ఎవరికైనా కబురొస్తే ఆఫీసులో చీటీ రాసి పంపేవాళ్ళు. ఒకసారి డాక్టర్ మాట్లాడాలన్నాడని వచ్చిన చీటీ హాజరు కాగితాల కింద ఉండిపోయి రెండు గంటలు ఆలస్యంగా చేరింది. ఆ మధ్యాహ్నం ఆవిడ సూప్ ముట్టుకోలేదు. నేను ఊరుకోలేకపోయాను. మెయిల్ రాగానే కంప్యూటర్ తెర కుడిమూలన చిన్న పెట్టెలో మొదటి వాక్యం కనబడేలా పెట్టిచ్చాను. ఊరూపేరూ లేని చెత్త మెయిళ్ళు కనబడి విసిగించకుండా జల్లెడ పట్టేలా చేసి, ఆడపడుచు అడ్రసు ఒక్కటి మటుకు ఎప్పుడూ లోపలికి రానిచ్చేలా చేర్చాను. ఇక ఆఫీసుకి ఫోన్ చెయ్యొద్దు, మెయిల్ పెడితే ఆ క్షణమే చూస్తాను అని ఆవిడ ఆడపడుచుకి నా ముందే చెప్పింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది అంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం చంద్రకళల పాఠం. ప్రతి ఏడూ ఆవిడ గది చీకటి చేసి, టార్చి లైట్లూ, పుల్లకి గుచ్చిన పింగ్‌పాంగ్ బంతులూ పెట్టి ఆ పాఠం చెప్పేది. ఈసారి బోర్డు మీద చంద్రుణ్ణి వేలితో తిప్పుతూ చెప్పమని నేనే ప్రోత్సహించాను. మొదటిసారి కదా, వెనక నిలబడమని అడిగింది. మూడో పీరియడ్ నాకు ఖాళీ, వెళ్ళాను. ఆవిడ పిల్లలకి వీపు పెట్టి, బోర్డు మీద చంద్రుణ్ణి భూమి చుట్టూ మెల్లగా లాగుతోంది. వెలుగు ఒకవైపు నుంచి తరుగుతూ వస్తోంది. పిల్లలు నిశ్శబ్దంగా చూస్తున్నారు. అప్పుడు తెర కుడిమూలన ఆ పెట్టె వెలిగింది. కంప్యూటర్లో వేలెడంత ఉండేది, బోర్డు మీద కిటికీ అంత ఉంది. ఆడపడుచు పేరు, దాని కింద ఒకే వాక్యం. పది ఇరవైకి పోయాడు, నువ్వు రా.

అది నాలుగైదు క్షణాలుండి మాయమైంది. ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతి ఆ వాక్యాన్ని పైకి చదివేసింది. చదవడం నేర్చిన పిల్లలకి ఎదురుగా ఏముంటే అది చదివెయ్యడం అలవాటు. చదివాక అర్థమై రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. వేలు చంద్రుడి మీదే ఉంది. హీటర్ టిక్కుటిక్కుమనడం వినిపించింది. తరవాత ఇటు తిరిగి, మామూలు గొంతుతోనే, "మీకు కనబడిన ఆకారం పుస్తకంలో గీయండి" అని పిల్లలకి చెప్పింది. అందరూ తలలు వంచారు. గది చివర ఉన్న నన్ను చూసి, "దీన్ని ఎలా ఆపాలి?" అని అడిగింది. అదొక్కటే నేను ఆవిడకి నేర్పలేదు. తెర మీద బొమ్మని అలాగే ఉంచి, వెనక జరిగేది పిల్లలకి కనబడకుండా చేసే మీట ఒకటి ప్రొజెక్టర్‌కే ఉంటుంది. నాకది తెలుసు. చెప్పాలని తోచలేదు. నేను వెళ్ళి తీగ పీకేశాను.

ఆస్పత్రికి నేనే డ్రైవ్ చేశాను. రోడ్డు మీద చల్లిన ఉప్పు టైర్ల కింద కరకరమంటోంది. పార్కింగులో బెల్టు తీసుకుంటూ ఆవిడ, "ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. చదివినందుకు భయపడుతుంది" అంది. సాయంత్రం చేశాను. తల్లి ఎత్తింది. పిల్ల బాత్‌రూంలో తలుపు వేసుకుని కూర్చుందట, ఎంత పిలిచినా బయటికి రావడం లేదట.

మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, అలా ఎందుకు జరిగిందో చూసి ఒక పేజీ రిపోర్టు రాయమన్నాడు. ఆవిడ పాస్‌వర్డు బల్ల మీద వదిలేసి వెళ్ళిన ఆ నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది. మెయిల్ తెరిచాను. జల్లెడ పట్టిన చెత్త మెయిళ్ళ అరలో, కార్పెట్ల అమ్మకం ప్రకటనకీ మందుల ప్రకటనకీ మధ్య, తెలియని అడ్రసు నుంచి ఒక మెయిల్ ఉంది. ఆడపడుచు రాసిందే. తన ఫోన్లో ఛార్జ్ అయిపోయి నర్సు ఫోన్ నుంచి పంపినట్టుంది; ఛార్జ్ ఎక్కాక రెండోది తన ఫోన్ నుంచే పంపింది కాబోలు. వాడు నిన్నే అడుగుతున్నాడు, తలుపు వైపే చూస్తున్నాడు, వెంటనే రా. వచ్చిన సమయం ఎనిమిదీ నలభై.

ఆ అరని ఖాళీ చెయ్యడానికి ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కకుండానే ఇంటికి వచ్చాను. అన్నాల దగ్గర మావారితో చెప్పాను. ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని విన్నారు. "చెప్పి ఇప్పుడు ఏం లాభం? ఆవిడ ఇంకా బాధపడుతుంది, అంతే కదా. నువ్వు హెల్ప్ చెయ్యబోయావు, నీ ఫాల్ట్ ఏముంది ఇందులో" అన్నారు. కాసేపయ్యాక మళ్ళీ ఆయనే, "ఆ ఆడపడుచు చెప్తుందిలే, రెండుసార్లు పంపానని. అప్పుడు నువ్వు దాచావని తెలుస్తుంది" అన్నారు. రెండు మాటలూ నిజమే. వాటిలో ఏది నన్ను ఆవిడ ఇంటికి పంపించిందో, నిజాయితీయో భయమో, ఇప్పటికీ నాకు తెలీదు.

మర్నాడు సాయంత్రం పులిహోర చేసుకుని వెళ్ళాను. వంటింటి బల్ల మీద చుట్టాలు తెచ్చిన గిన్నెలు వరసగా ఉన్నాయి. కుర్చీ వీపుకి ఆయన కోటు ఇంకా వేలాడుతోంది. ఆడపడుచు లోపల పడుకుందట, ఆ ఉదయం గురించి ఇద్దరూ ఇంకా ఏమీ మాట్లాడుకోలేదట. నేను కూర్చోకుండానే చెప్పేశాను. మొదటి మెయిల్ వచ్చింది, వేరే అడ్రసు నుంచి వచ్చింది, నేను పెట్టిన జల్లెడ దాన్ని పక్కన పడేసింది.

"ఎన్నింటికి?" అంది.

"ఎనిమిదీ నలభైకి."

ఆవిడ చేతివేళ్ళ వైపు చూసుకుంటూ లెక్క వేసింది. పిల్లల క్లాసులో లెక్క చేసినంత నెమ్మదిగా, పైకే. దారి పాతిక నిమిషాలు, మంచు కాబట్టి ముప్ఫై అనుకుందాం, పార్కింగు, లిఫ్టు. తొమ్మిదిన్నరకల్లా ఆయన దగ్గరుండేదాన్ని అంది. "ఎనిమిదీ నలభైకి నేను టార్చి లైట్లలో బ్యాటరీలు చూస్తున్నాను. బోర్డు పనిచెయ్యకపోతే ఉంటాయని." నేను క్షమించమన్నాను. తల ఊపింది. అది క్షమించానని కాదు, విన్నానని.

గుమ్మం దాకా వచ్చి, నా ఖాళీ సంచీ చేతికిచ్చింది. "చెప్పినందుకు మంచిదే. ఇంకెప్పుడూ దీని గురించి నాతో మాట్లాడొద్దు."

మాట్లాడలేదు. రెండు వారాలకి ఆవిడ బడికి తిరిగొచ్చింది. ఎదురుపడితే పలకరించేది, నవ్వేది కూడా. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే ఆ గది తలుపు మాత్రం భోజనాల వేళ మూసి ఉండేది. నేను నా గదిలో నా డబ్బా తిని, దిద్దుకునే కాగితాలు ముందేసుకునేదాన్ని. బోర్డు వాడటం ఆవిడ మానలేదు. ఎవరైనా మానేస్తుందనుకుంటారు, నేనూ అనుకున్నాను. తీగ తగిలించే ముందు నోటుబుక్కు తెరిచి, వేలుపెట్టి ఒక్కో మెట్టూ చూసుకుని, మెయిల్ మూసి, అప్పుడు తగిలించేది. జూన్‌లో రిటైరైంది. వీడ్కోలు రోజున కేక్ ముక్క పళ్ళెంలో పెట్టి నాకు అందించి, పక్కనున్న వాళ్ళ వైపు తిరిగింది.

నేను రాసిన రిపోర్టుని ప్రిన్సిపాల్ టీచర్లకి సూచనల కాగితంగా మార్చమన్నాడు. మార్చాను. మెయిల్ మూయండి, తెరని ఆపే మీట ఎక్కడుందో ముందే తెలుసుకోండి, చెత్త మెయిళ్ళ అర రోజుకి ఒకసారైనా చూడండి, అవసరమైన కబురు ఎప్పుడూ ఒకే దారిన రప్పించుకోకండి. చుట్టుపక్కల బడులన్నింటికీ ఆ కాగితం వెళ్ళింది, చాలా పనికొచ్చిందని అందరూ అన్నారు. ఏడాది చివర్లో నాకు ఫ్రేమ్ కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చి, చప్పట్లు కొట్టారు. కాగితంలో ఎవరి పేరూ లేదు. ఏ సూచన ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివినవాళ్ళకి తెలియదు.

కొన్నేళ్ళ తరవాత కూరగాయల దుకాణంలో ఒకసారి కనిపించింది. బాగా వంగిపోయింది. నా మోకాళ్ళ నొప్పి గురించీ, మా అమ్మాయి చదువు గురించీ అడిగింది. నేను తన ఆరోగ్యం గురించి అడిగాను. టమాటాల ముందు నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నాం, అడగాల్సినవన్నీ అడిగాం, చెప్పాల్సినవన్నీ చెప్పాం. ఇద్దరం ఆ మంగళవారం చుట్టూ జాగ్రత్తగా నడిచాం. మరుసటి చలికాలంలో పోయిందని ఎవరో చెబితే తెలిసింది. అప్పటికే నెలయింది.

ఇన్నేళ్ళలో ఎన్ని గంటలు వృథా చేసుంటానో లెక్కలేదు, అవేవీ గుర్తులేవు. ఒక మనిషి తలుపు వైపు చూస్తూ గడిపిన గంటా నలభై నిమిషాలు మాత్రం, నేను చూడనివే అయినా, నా వయసుతోపాటు పెరుగుతూ వస్తున్నాయి.