ఉప్పు చూసే మనిషి

మొన్న మంగళవారం పొద్దున్నే గుణదల నుంచి మావయ్య ఫోను. "మీ అత్తయ్య వెళ్ళిపోయిందిరా" అన్నారు. కొన్నాళ్ళుగా భయపడుతున్న కబురే. అయినా చేతిలో కాఫీ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను.

పోయింది మా మేనత్త, నాన్నకు అక్క. మీలో ఎవరూ ఆవిణ్ణి ఎరగరు. ఉద్యోగం చెయ్యలేదు, పదవులేవీ లేవు. పామర్రు చుట్టుపక్కల మా బంధువుల ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా ఉప్పు చూసే మనిషి, అంతే. గుండిగ దించే ముందు వంటాయన గరిటెతో ఇంత తెచ్చి ఆవిడ అరచేతిలో పోయాల్సిందే. నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకాస్త పడుద్ది" అనో, "చాలు, దించెయ్యండి" అనో అంటేనే విస్తళ్ళు వేసేవాళ్ళు. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు తొందరపెడితే, "ముహూర్తం దాటితే పంతులుగారు సర్దుతారు. ఉప్పు దాటితే ఎవరు సర్దుతారండీ?" అంది. వాళ్ళు మళ్ళీ వంటల దగ్గరికి రాలేదు.

క్యాన్సరని తెలిసినప్పుడు కూడా పెద్దగా బెదరలేదు. "జుట్టు పోతే తిరుపతి వెళ్ళొచ్చిందనుకుంటార్లే" అంది. రెండో కీమో తర్వాత నోరు పూసింది. నాలిక మీద, బుగ్గల లోపల తెల్లటి పుళ్ళు. మంచినీళ్ళు తాగినా మంటే. అప్పుడు మాత్రం బెదిరింది. "నాలిక పోతే నన్నింకెవరు పిలుస్తారురా?" అని నన్నే అడిగింది.

బంధువులు ఊరుకుంటారా? ఒకరు తేనె పంపారు, ఒకరు కొబ్బరినూనె రాయమన్నారు, ఇంకొకాయన పటిక నీళ్ళు పుక్కిలిస్తే చేత్తో తీసేసినట్టు పోతుందన్నాడు. డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా విన్నారు. "పటిక జోలికి పోకండి, ఇంకా మండుతుంది. గోరువెచ్చటి నీళ్ళల్లో కాస్త ఉప్పు, వంటసోడా వేసి మెల్లగా పుక్కిలించండి. తినే ముందు ఈ జెల్ రాసుకోండి, నోరు మొద్దుబారుతుంది. ఆ టైములో వేడిగా ఏదీ తాగొద్దండీ, కాలినా తెలీదు" అన్నారు.

"ఊరందరికీ ఉప్పు చూసిన నోటికి ఉప్పే మందుట్రా!" అని అత్తయ్య నవ్వబోయి, నొప్పికి సగంలో ఆగిపోయింది.

జెల్ బాగానే పనిచేసింది. దాని పుణ్యాన పెరుగన్నం నాలుగు ముద్దలు దిగేవి. ఆ ధైర్యంతోనే మా అబ్బాయి పంచెల ఫంక్షన్‌కి వచ్చింది. వంటాయన పులుసు తెచ్చే ముందు పక్కకెళ్ళి నోటినిండా జెల్ రాసుకుంది. చల్లారబెట్టిన పులుసే, నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, "బాగుందండీ, దించెయ్యండి" అంది.

ఆ ముక్కల పులుసులో అసలు ఉప్పే పడలేదు. మొదటి ముద్దకే పంక్తిలో అందరికీ తెలిసిపోయింది. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. పచ్చడి నంజుకుని గుట్టుచప్పుడు కాకుండా తినేశారు. మా చుట్టాలకి అంత మర్యాద ఉందని నాకు ఆరోజే తెలిసింది. మావయ్యయితే పులుసు మళ్ళీ వేయించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడుపుతున్నాను. వెనక సీట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఏవండీ, పులుసులో ఉప్పు లేదు కదూ?"

"బాగానే ఉందే!"

"ఊరుకోండి. కాపురానికొచ్చిన కాణ్ణించీ మీరు పులుసు మారడిగింది లేదు."

మావయ్య కిటికీలోంచి బయటికి చూశారు. అత్తయ్య ఏడ్చింది. ఆస్పత్రిలో ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి. మందు మాత్రం ఏం చేస్తుంది పాపం, నొప్పి ఎక్కడుందో రుచీ అక్కడే ఉంది.

ఆవిణ్ణి త్యాగమూర్తి అని రాస్తే పైనుంచి తిట్టిపోస్తుంది కాబట్టి రాయను. ఇంట్లో చక్కగా జెల్ రాసుకునేది, సోడా నీళ్ళు పుక్కిలించేది, డాక్టరమ్మ చెప్పినవన్నీ చేసేది. మా తమ్ముడి కూతురి నిశ్చితార్థం రోజు మాత్రం మాట వినలేదు.

అది ఉయ్యూరులో. "ఈసారికి ఇంకెవరైనా చూస్తార్లే అక్కా" అని నాన్న ముందే అన్నారు. అత్తయ్య చీర మార్చుకుని కారెక్కింది. మధ్యాహ్నం భోజనానికని తెచ్చిన జెల్ నా జేబులోనే ఉంది. వంటల షెడ్డు దగ్గర తీసి, "రాసుకో అత్తయ్యా" అన్నాను.

"తర్వాత రాసుకుంటాలే. ఇప్పుడు రాసుకుంటే నేనొచ్చింది ఎందుకురా?"

వంటాయనకి సంగతంతా తెలుసు. పులుసు పళ్ళెంలో పోసి చల్లార్చి తెచ్చారు. "చింతపండమ్మా, మంటెత్తుద్ది. వద్దులెండి" అన్నారు.

"పొయ్యండి" అంటూ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, అరచెయ్యి చాపింది.

నాలిక్కి రాసుకుంది. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. మూసిన కళ్ళల్లోంచి నీళ్ళు కారి మాస్కు తడిసింది. ఉమ్మెయ్యలేదు. నోట్లో ఆ మంటతోనే కాసేపు అలా నిలబడింది. రెండో చెయ్యి పైకెత్తి, వేళ్ళు సగం ముడిచి, వంటాయనకి చూపించింది. ఇంకో అర గుప్పెడు.